ఇరవై ఒక్క చిలకలు

రామలింగేశ్వరరావు పేరు హామిల్టన్‌లో ఎవరి నోటా పూర్తిగా పలకదు. యూనివర్సిటీ తోటల మేనేజరు గ్రాంట్ మొదటిరోజే ఆ పేరుతో రెండుసార్లు కుస్తీపట్టి, మూడోసారికి ‘రామ్’ దగ్గర చతికిలబడ్డాడు. ఊళ్ళోని తెలుగువాళ్ళకి అతను రావుగారు, కుర్రకారుకి అంకుల్. క్యాంపస్‌లోని బాతులకి ఏ పేరూ అక్కర్లేదు, అతని గడ్డికోత బండి చప్పుడు చాలు.

పుట్టింది అంబాజీపేట దగ్గర ఓ పల్లెలో. తండ్రిది కొబ్బరి నర్సరీ. తనూ అందులోనే పెరిగి, అందులోనే పెళ్ళివయసుకి వచ్చి, హిమజను చేసుకున్నాడు. హిమజ నర్సు. ఆమెకి హామిల్టన్ ఆసుపత్రిలో ఉద్యోగం వస్తే వెనకాలే ఇతనూ వచ్చాడు. “పెళ్ళాం కొంగు పట్టుకుని విమానమెక్కినవాణ్ణండీ” అని ఎవరైనా అనేలోపే తనే అనేసేవాడు. ఎదుటివాడికి ఇక అనడానికేం మిగలదు.

మొదటి ఏడాది కివీపళ్ళ షెడ్డులో పెట్టెలు సర్దాడు. తరవాత యూనివర్సిటీ తోటల్లో మనిషి కావాలని ప్రకటన చూసి వెళ్ళాడు. గ్రాంట్ గదిలో కూర్చోబెట్టి ప్రశ్నలడగలేదు, క్యాంపస్ అంతా తిప్పాడు. ఈ చెట్టు పేరేంటి? తెలీదు. ఇదేంటి? తెలీదు. వరసగా ఎనిమిది చెట్లకి ఎనిమిది ‘తెలీదు’లు చెప్పి, ఉద్యోగం గంగలో కలిసిందనుకున్నాడు. తొమ్మిదో చోట ఒక కమీలియా ఆకులు పసుపెక్కి నిలబడి ఉంది. రామలింగేశ్వరరావు ఆగి, మోకాళ్ళ మీద కూర్చుని, వేళ్ళతో మొదట్లో మట్టి లాగి చూశాడు. “లోతుగా పాతేశారండి, పీక బిగిసిపోయింది” అన్నాడు. ఆ సోమవారం నుంచే పనిలో చేరాడు. అది పదకొండేళ్ళ కిందటి మాట.

ఇప్పుడతనికి తెలియని మొక్క ఆ క్యాంపస్‌లో లేదు. ఆగస్టు చివర కోఫై చెట్టు ఆకులు పెద్దగా లేకుండానే పసుపుపచ్చని పూలు గుత్తులు గుత్తులుగా వేలాడదీస్తుంది. వాటిలో తేనె తాగడానికి టూయి పిట్టలు వస్తాయి. నల్లని ఒళ్ళు, మెడ కింద తెల్లని కుచ్చు, పొద్దున్నే ఒకటే గోల. చెరువు మీది చెక్క వంతెన కింద పొడుగాటి పాము చేపలున్నాయి. స్టూడెంట్లు పడేసే చిప్స్ కోసం అవి తలలు పైకెత్తుతాయి, బాతులు వాటి ముందే లాక్కుపోతాయి. ఓక్ చెట్ల కింద గోరింకలు గెంతుతుంటాయి. అచ్చం మన గోరింకలే. ఎవరో ఎప్పుడో ఇండియా నుంచి తెచ్చి వదిలారట. ఇక్కడ వాటిని ఎవరూ ఇష్టపడరు. రావుకి వాటిని చూస్తే జాలీ, కొంచెం చుట్టరికం కూడా.

అన్నిటికంటే అతనికి ప్రాణం పుకెకోలు. కొల్లేటి వైపు నీలి బొల్లికోడి అంటారే, దానికి అన్న వరస. నీలం రొమ్ము, ఎర్రని ముక్కు, ఎర్రని పొడుగు కాళ్ళు. నడిచేటప్పుడు అడుగడుక్కీ తోక ఎగరేసి కిందున్న తెల్లని ఈకలు చూపిస్తుంది. చెరువు ఒడ్డున ఉండే జంటలో మగదానికి ‘కరణంగారు’ అని పేరు పెట్టాడు. ప్రతి మొక్క దగ్గరా ఆగి, మెడ వంచి, లెక్క తేలనట్టు ముందుకి వెళ్తుంది. ఆ ఏడు వాటికి నాలుగు పిల్లలు. నల్లని నూగు, పెద్ద పాదాలు. ఆ పాదాలు వాటికే అడ్డం పడుతుంటాయి. మధ్యాహ్నం లంచ్ డబ్బా విప్పి కూర్చుంటే నాలుగూ ఉన్నాయా లేదా అని లెక్కపెట్టుకున్నాకే ముద్ద నోట్లో పెట్టేవాడు.

ఇక హరకెకె. అందరూ ఫ్లాక్స్ అంటారు. మన మొగలిపొదలా ఉంటుంది, ముళ్ళుండవు. మనిషెత్తు ఆకులు పిలకలు పిలకలుగా లేస్తాయి, ఒక్కో పిలకా ఒక్కో విసనకర్రలా విచ్చుకుంటుంది. ఈ దేశంలో అది లేని చోటు లేదు. కార్లు ఆపే చోట కంచెగా పెంచుతారు, అడ్డమొస్తే మిషనుతో నరికేస్తారు. కానీ చెరువు గట్టున ఉన్న పన్నెండు పొదలు వేరు. ఆ ఆకులు మెత్తన, పొడుగు. బుధవారం బుధవారం మెరె అనే మావోరీ పెద్దావిడ వచ్చి, ఆ ఆకులతో స్టూడెంట్లకి బుట్టలూ చాపలూ అల్లడం నేర్పుతుంది. డెబ్బై దాటిన మనిషి. ఆవిణ్ణి అందరూ ‘ఫాయా’ అంటారు, మన పిన్నీ, అత్తయ్యా లాంటి పిలుపు. పొదల ముందు ఒక చెక్క బోర్డు కూడా ఉంది. పదకొండేళ్ళుగా ఆ బోర్డు కాళ్ళ చుట్టూ జాగ్రత్తగా గడ్డి కోసినవాడు, ఒక్కసారైనా తలెత్తి అందులో ఏం రాసుందో చదవలేదు. క్యాంపస్‌లో చెట్టుకో బోర్డు ఉంటుంది మరి, ఎన్నని చదువుతాడు.

అసలు సంగతి వినాయక చవితితో మొదలైంది. తెలుగు సంఘం సెక్రటరీ ఉదయభాస్కర్ పాల డెయిరీలకి సాఫ్ట్‌వేర్ రాసే కుర్రాడు, మంచివాడే. నిరుడు మండపానికి థర్మాకోల్ పెట్టి పెద్దవాళ్ళ చేత చీవాట్లు తిన్నాడు. ఈసారి ఫోన్ చేశాడు.

“అంకుల్, ఈ ఇయర్ అంతా న్యాచురల్‌గా చేద్దామనుకుంటున్నాం. మీరు గార్డెన్స్‌లో ఉంటారు కదా, ఏమన్నా ఐడియా ఇవ్వండి.”

రామలింగేశ్వరరావుకి ఎవరైనా సలహా అడిగితే చాలు, మనసు పూరీలా పొంగుతుంది. “ఆయ్, నేనున్నాను కదండీ! మా కోనసీమలో మండపానికి కొబ్బరాకు చిలకలు కడతాం. ఇరవై ఒక్క పత్రికి ఇరవై ఒక్క చిలకలు. నాకొదిలెయ్యండి” అన్నాడు.

అన్నాక గుర్తొచ్చింది, హామిల్టన్‌లో కొబ్బరి చెట్టు లేదని. మాట ఇచ్చేశాడు. శుక్రవారం సాయంత్రం నాలుగింటికి పని ముగించి కత్తి పుచ్చుకుని ఫ్లాక్స్ పొదలు వెతికాడు. కార్ల దగ్గరవి బిరుసు, మడిస్తే విరుగుతున్నాయి. చెరువు గట్టువి చూశాడు. ఒక పిలక విప్పి చూస్తే నడిమధ్యన లేత ఆకు. పాలిపోయిన ఆకుపచ్చ, మెత్తన, ఎక్కడా మచ్చ లేదు. చూడగానే చేతులు ఊరుకోలేదు. దేవుడికి పెట్టేది లేతదే పెట్టాలి కదా. పిలక పిలకకీ నడిమి ఆకు మొదలంటా కోసి, అడుగున తెల్లని మొదళ్ళు అక్కడే తరిగి పడేసి, ఇరవై ఒకటి కట్టగట్టుకుని ఇంటికి తెచ్చుకున్నాడు.

శనివారం మండపంలో ఆ చిలకలు వేలాడితే జనం విగ్రహం కంటే వాటినే ఎక్కువ ఫొటోలు తీశారు. ముక్కు, రెక్క, తోక అన్నీ కుదిరాయి. “రావుగారూ, మీ చేతుల్లో ఇంత విద్య ఉందా!” అని ఆడవాళ్ళు అడుగుతుంటే, పదకొండేళ్ళుగా గడ్డి కోసే మనిషిగానే తెలిసినవాడికి ఆ పూట కాళ్ళు నేల మీద నిలవలేదు. ఆదివారం కూడా అదే సంతోషంతో గడిచింది.

సోమవారం పొద్దున గ్రాంట్ బండి చెరువు గట్టున ఆగి ఉంది. గ్రాంట్ టోపీ తీసి పట్టుకుని పొదల ముందు నిలబడ్డాడు. పొదల చుట్టూ తెల్లని మొదళ్ళు చెల్లాచెదురుగా పడి ఉన్నాయి, నమిలి పీచు చేసి ఉన్నాయి. కరణంగారు కాస్త దూరంలో ఇంకో ముక్క ఒంటికాలితో ఎత్తి పట్టుకుని కొరుకుతోంది.

“చూశావా రామ్, నీ స్నేహితుల పని? పోయిన నెల కొత్తగా నాటిన మొక్కలు పీకాయి, ఊరుకున్నాను. ఇప్పుడు మెరె మొక్కల మీద పడ్డాయి. నడిమి ఆకు పిల్లట, దాని పక్కనున్న రెండూ తల్లీ తండ్రీ అట. బయటి ముసలి ఆకుల్నే కోయాలి, ఆ మూడింటినీ ముట్టుకోకూడదు. పిల్ల పోతే ఆ పిలక చచ్చిపోతుంది. బోర్డు మీద అంత పెద్దగా రాశాం, పిట్టలకి చదువు రాదుగా.”

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకుంటారంటారు. రామలింగేశ్వరరావు తడుముకోలేదు కానీ, నడుముకున్న కత్తి ఒర మీదికి చెయ్యి దానంతటదే వెళ్ళింది.  

“ఈ పిట్టల్ని పట్టడానికి పర్మిట్ ఎప్పుడో వచ్చింది, సొరుగులో పెట్టుకుని కూర్చున్నాను. రేపు మధ్యాహ్నం బోన్లవాడు వస్తాడు” అన్నాడు గ్రాంట్. బోన్లో పడ్డ పుకెకోని ఎవరూ ఇంకో చెరువులో వదలరని రావుకి తెలుసు. గ్రాంట్ వెళ్ళాక అతను మొదటిసారి ఆ బోర్డు చదివాడు. మొత్తం ఆరు లైన్లు. పిల్లలు చదువుకునేంత తేలిక ఇంగ్లీషు. ఆ మధ్యాహ్నం డబ్బా విప్పకుండానే మూసేశాడు. నాలుగు పిల్లలూ అతని బూట్ల దగ్గరికే వచ్చి తిరిగాయి.

సాయంత్రం హిమజ డ్యూటీ నుంచి వచ్చి బూట్లు విప్పుతుండగానే మొత్తం చెప్పేశాడు.

“ఉద్యోగం పోతుందంటారా?” అంది ఆవిడ.

“పోదేమో. కానీ పేరు పోద్ది హిమా. పదకొండేళ్ళలో నా మీద ఒక్క కంప్లైంట్ లేదు. కాపలా ఉండాల్సినవాడే... కంచే చేను మేసిందంటారు. రేపు ఇక్కడ ఏ తెలుగోడు కత్తి పట్టుకున్నా నన్నే గుర్తుచేస్తారు. పోనీ, అవి కొత్త మొక్కలు పీకిన మాట నిజమే కదా. బోన్లు ఎలాగూ పెట్టేవోడేగా.”

హిమజ రెండో బూటు చేతిలోనే ఉంచుకుంది. “ఏవండీ, మా వార్డులో ఒక మందు బదులు ఇంకోటి ఇచ్చేశామనుకోండి. ఆ నిమిషమే డాక్టరుకి చెప్పాలి. తప్పు చేసినందుకు ఎవరూ ఉరితియ్యరు. చెప్పకుండా ఇంటికెళ్ళిపోయిందా, ఆ నర్సు ముఖం మళ్ళీ ఎవరూ చూడరు. అయినా మీ ఇరవై ఒక్క చిలకలూ ఫేస్‌బుక్‌లో ఊగుతున్నాయి. దాద్దామనుకున్నా ఎక్కడ దాస్తారు?”

ఆ మాటకి అతనికి నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. ఆ రాత్రి ఇంగ్లీషులో చెప్పాల్సిన నాలుగు వాక్యాలు మనసులో వల్లె వేసుకుంటూ పడుకున్నాడు. నాలుగింటిలోనూ ‘నాకు తెలియదు’ అనే మాటే గట్టిది.

మంగళవారం తొమ్మిదింటికి మెరె వచ్చింది. గ్రాంట్ ఫోన్ చేశాడట. పాత కోటు, రబ్బరు బూట్లు, తడిగడ్డిలో మోకాళ్ళ మీద కూర్చుని ఒక పిలక విప్పి లోపల వేళ్ళు పెట్టి తడుముతోంది. రామలింగేశ్వరరావు వెళ్ళి ఆవిడ పక్కన కూర్చున్నాడు. వల్లె వేసిన వాక్యాలు ఒక్కటీ గుర్తు రాలేదు.

“ఫాయా, ఇది పుకెకోలు కాదు. నేను. శుక్రవారం.”

ఆవిడ తలెత్తలేదు. “కత్తి అని తెలుస్తూనే ఉంది. పుకెకోలకి కత్తి పట్టడం ఇంకా రాలేదు. ఎవరి కత్తో తెలీలేదంతే. దేనికి కోశావు?”

ఫోన్ తీసి ఫొటోలు చూపించాడు. మండపం, గణపతి, చిలకలు. మెరె ఒక్కో చిలకనీ వేళ్ళతో పెద్దది చేసుకుని చూసింది. తోక ముడి దగ్గర చాలాసేపు ఆగింది.

“చక్కగా అల్లావు. ఈ ఆకుతో మొదటిసారా?”

“మొదటిసారి.”

“మొదట అల్లింది మేం ఉంచుకోం, ఇచ్చేస్తాం. నువ్వెవరికిచ్చావు?”

“దేవుడికి.”

మెరె తలూపింది. “ఇవ్వడం మంచిదే. కానీ పిల్ల నీది కాదు కదా. ఈ పొదలు మా అమ్మమ్మ ఊరి వాగు ఒడ్డునించి కారు డిక్కీలో తెచ్చుకున్నాను. ఆవిడా వీటితోనే అల్లేది.”

 రామలింగేశ్వరరావు దాచుకున్న ఆ ఒక్క మాటా బయటపెట్టాడు. “నాకు తెలీదు ఫాయా. మా వైపు దేవుడికి లేతదే పెడతాం. ముదురుది పెడితే తప్పు. కొబ్బరి చెట్టు మొవ్వులోంచి లేతాకు తీసి ఇలాగే చిలకలు కడతాం.”

“మొవ్వంటే?”

“నడినెత్తిన ఉండే చిగురు.”

“అది తీసేస్తే చెట్టుకేమవుతుంది?”

“చచ్చిపోతుంది. కొబ్బరికి ఉన్నది ఒకటే మొవ్వు. అందుకే నిలబడ్డ చెట్టుది తియ్యరు. గాలివానకి పడిపోయిన చెట్టుంటే దానిదే తీస్తారు. నిలబడ్డ చెట్టు నెత్తిన కత్తి పెడితే మా నాన్న చెయ్యి...”

అక్కడ ఆగిపోయాడు. ఆ మాటలు ఆవిడకి చెబుతున్నాననుకున్నాడు, తనూ ఇప్పుడే విన్నాడు.

“అయితే నీకు తెలుసు” అంది మెరె. కోపంగా అనలేదు. లెక్క చూసి చెప్పినట్టు అంది.

చెరువులో బాతులు రెక్కలు కొట్టుకుంటూ పోతున్నాయి. రామలింగేశ్వరరావుకి పదేళ్ళప్పుడు తండ్రి ముందు నిలబడ్డంత సిగ్గేసింది. బోర్డు చదవలేదన్నది సాకు. మొవ్వు సంగతి చదివి తెలుసుకోవాల్సినవాడా తను! అది నాన్న చెట్టయితే కత్తి పెట్టేవాడు కాదు. ఇది ఊరందరిదీ, కార్ల పక్కన పెరిగేదీ, పేరు ఫ్లాక్స్. అందుకని చేతులు వెనకాడలేదు.

“తెలుసు” అన్నాడు.

మెరె అతని భుజం పట్టుకుని లేచింది. మోకాళ్ళకంటిన తడి దులుపుకుంది. “పొదలు బతుకుతాయి. కోసిన పిలకలు బతకవు, ఆ సంగతి నాకంటే నీకే బాగా తెలుసు. గ్రాంట్‌కి చెప్పావా?”

“లేదు.”

“మరి ఇంకా ఇక్కడేం చేస్తున్నావు? మధ్యాహ్నానికి బోన్లవాడు వస్తాడు.”

నాలుగడుగులు వేశాక వెనక నుంచి మళ్ళీ పిలిచింది. “రేపు పదింటికి క్లాసు. పన్నెండు మంది కొత్తవాళ్ళు. ఏది పిల్లో ప్రతిసారీ నేనే చూపిస్తాను. రేపు నువ్వు చూపించు.”

గ్రాంట్ మొత్తం విన్నాడు.  “పదకొండేళ్ళు, రామ్” అన్నాడు. తిట్టినా అంత బాధ ఉండేది కాదు. తరవాత ఫోన్ తీసి బోన్లవాణ్ణి రావద్దన్నాడు. “కొత్త మొక్కలు పీకింది మాత్రం అవే, అది మర్చిపోకు” అన్నాడు. ఆ మొక్కల చుట్టూ వల తనే కడతానని రావు చెప్పాడు. జరిగింది కాగితం మీద పెట్టక తప్పదన్నాడు గ్రాంట్. పెట్టండి అన్నాడు ఇతను. ఆ మధ్యాహ్నం డబ్బాలో ఉన్నదంతా తిన్నాడు. నాలుగూ ఉన్నాయి.

బుధవారం పదింటికి చెరువు గట్టున పన్నెండు మంది స్టూడెంట్లు నోట్‌బుక్కులు పట్టుకుని నిలబడ్డారు. మెరె ఒక పక్కకి జరిగి బల్ల మీద కూర్చుంది. రామలింగేశ్వరరావు ఇస్త్రీ చొక్కా వేసుకొచ్చాడు. జీవితంలో పదిమంది ముందు నిలబడి మాట్లాడిన మనిషి కాదు.  మొదటి పొద దగ్గర కూర్చుని, బయటి ఆకులు ఒక్కొక్కటే పక్కకి తప్పించాడు.

“ఇవి తాతలూ అమ్మమ్మలూ. కోయాలంటే వీటినే కోయాలి” అన్నాడు తనకొచ్చిన ఇంగ్లీషులో. “ఇది తల్లి. ఇది తండ్రి.”

రెండాకుల్నీ విడదీసి, మధ్యలో ఏమీ లేని చోట వేలు పెట్టాడు. వెనక ఉన్నవాళ్ళకి కనపడేలా కొంచెం పక్కకి వంగాడు.

“ఇక్కడ పిల్ల ఉండేది. దాన్ని కోసింది నేనే.”